సైలెన్సర్‌లో తెల్లపొగ, రేడియేటర్‌లో నీళ్ళు మాయం: పాత కారుకి ఇంటి దగ్గరే చేసుకోదగ్గ పరీక్షలు

హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ పడింది. పక్కన బైకు మీదున్న కుర్రాడు అద్దం తట్టి, "అన్నా, నీ బండెనక పొగ చూస్కున్నవా?" అన్నాడు. అద్దంలో చూస్తే వెనకున్న ఆటో కనబడటం లేదు. మున్సిపాలిటీ వాళ్ళు దోమల మందు కొట్టిపోయిన వీధిలా ఉంది. టెంపరేచర్ ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు సగం దగ్గరే కూర్చుంది.

అప్పటికి మూడు వారాలుగా రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి. కింద చుక్క కూడా పడటం లేదు. ఒక గ్యారేజీలో రేడియేటర్ పోయిందన్నారు, మార్పించాను. మార్చాక కూడా నీళ్ళు తగ్గాయి. అసలు జబ్బు రేడియేటర్‌ది కానే కాదు. ఆ సంగతి నేనే ఇంటి ముందు, ఒక ప్లగ్ స్పానర్‌తో అరగంటలో తెలుసుకోగలిగే వాణ్ణి. ఆ పనులే ఇక్కడ రాస్తున్నాను, చేయాల్సిన వరసలో. ముఖ్యంగా పాత పెట్రోలు కార్ల గురించి రాశాను. డీజిల్ సంగతి మధ్యలో వస్తుంది.

రోడ్డు మీద ఉండగా పొగ మొదలైతే

ముందు ఏసీ ఆపండి. ముల్లు పైకి పోతుంటే హీటర్‌ని ఫుల్ వేడికి తిప్పి బ్లోయర్ పెట్టండి. ఎండాకాలంలో నరకంలా ఉంటుంది గానీ ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది, పక్కకు ఆపే చోటు దొరికేదాకా పనికొస్తుంది. చోటు దొరకగానే ఇంజన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకుంటే, హెడ్ ప్యాకింగ్‌తో (ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య బిగించే గాస్కెట్) పోయేది ఇంజన్ సీజ్ దాకా, అంటే లోపల పట్టేసి తిరగకుండా పోయే దాకా, వెళ్ళొచ్చు.

ముల్లు సగం దగ్గర ఉందని ధైర్యపడొద్దు. ఆ ముల్లుని నడిపే సెన్సర్ నీళ్ళలో మునిగి ఉన్నప్పుడే నిజం చెప్తుంది. నీళ్ళు దాని కిందికి దిగిపోతే అది ఉండేది గాలిలో. అప్పుడు ఇంజన్ మాడిపోతున్నా ముల్లు లేవకపోవచ్చు, ఒక్కోసారి చల్లబడినట్టు కిందికి కూడా దిగుతుంది. పొగ వస్తూ, హీటర్ నుంచి వేడిగాలి కాకుండా చల్లగాలి వస్తోందంటే కూలెంట్ (రేడియేటర్‌లో నీళ్ళతో కలిపి పోసే ద్రవం) అయిపోయిందనే అనుకోండి.

బానెట్ ఎత్తండి, కానీ రేడియేటర్ మూత జోలికి వెళ్ళొద్దు. నీళ్ళతో సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత పెట్టే ఒత్తిడి వల్ల 120 దాటినా మరగకుండా ఆగుతుంది. మూత తిప్పిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తుంది. గుడ్డ అడ్డం పెట్టుకుని తిప్పుతామనే వాళ్ళని చూశాను. ఆ తర్వాత వాళ్ళ ముంజేతులనీ చూశాను. కనీసం ముప్పావు గంట ఆగండి. పై హోస్ పైపుని చేత్తో నిబ్బరంగా పట్టుకుని పిసకగలిగితే అప్పుడు తీయొచ్చు. ఇంజన్ ఆగి ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, వేళ్ళు దూరంగా ఉంచుకోండి.

వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్ళు గుమ్మరించడం ఇంకో తప్పు. అల్యూమినియం హెడ్ వంకరపోవడానికి, పగలడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

అది పొగా, ఆవిరా?

ఈ ప్రశ్న దగ్గరే సగం టెన్షన్ పోతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. ఆ నీళ్ళు ఆవిరిగా సైలెన్సర్‌లోంచే పోవాలి. ఎండాకాలంలో అది కంటికి కనపడదు. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో పొద్దున్నే ఏ కారు స్టార్ట్ చేసినా తెల్లగా పొగలు కక్కుతుంది, పైపు చివర నీటి చుక్కలు రాలతాయి. అది జబ్బు కాదు. ఎల్పీజీ, సీఎన్జీ మీద నడిచే కార్లకి ఇంకొంచెం ఎక్కువే, ఎందుకంటే ఆ గ్యాసు కాలితే పుట్టే నీళ్ళు ఎక్కువ.

తేడా ఎలా పట్టాలి? ఆవిరి పైపు దాటి రెండు మూడు అడుగులు పోయేసరికి గాలిలో కలిసిపోతుంది. ఇంజన్ వేడెక్కాక, అయిదు పది నిమిషాల్లో, పూర్తిగా ఆగిపోతుంది. కూలెంట్ పొగ అలా కాదు. ఇంజన్ వేడెక్కినా ఆగదు, గాలిలో వేలాడుతూ కారు వెనక తోకలా సాగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా గుబురుగా వస్తుంది. వాసన తియ్యగా ఉంటుంది. పాకం పొయ్యి మీద మరిచిపోతే వచ్చే వాసనకి దగ్గర. దీని కోసం పైపు దగ్గర ముక్కు పెట్టకండి, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఆరుబయట నిలబడి, చేత్తో గాలిని మీ వైపు విసురుకుంటే చాలు. షెడ్డులో, సెల్లార్ పార్కింగ్‌లో ఈ పరీక్ష అసలు వద్దు.

వాసన పట్టలేని వాళ్ళకి తెల్ల అట్టముక్క ఉంది. పైపుకి అడుగు దూరంలో అర నిమిషం పట్టుకుని, తీసి ఎండలో పెట్టండి. ఉత్త నీళ్ళయితే ఆరిపోయి మచ్చ మిగలదు, నల్లటి మసి చుక్కలు తప్ప. కూలెంట్ అయితే ఆరినా జిగటగా, ఒక్కోసారి కొద్దిగా రంగుతో మరక ఉంటుంది. ఆయిల్ అయితే సమోసా కట్టిన కాగితంలా పారదర్శకంగా కనబడుతుంది.

రంగు కూడా ఒకటికి రెండుసార్లు చూడండి. నీలిఛాయ ఉంటే అది ఇంజన్ ఆయిల్ కాలడం. కారు దిగువకి దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడు గుప్పుమంటే వాల్వ్ సీళ్ళు అరిగాయని లెక్క. దాని వైద్యం వేరు. నలుపైతే పెట్రోలు ఎక్కువ పడుతోంది. డీజిల్ కారులో పొద్దున్నే వచ్చే తెల్లపొగ చాలాసార్లు కాలకుండా బయటికొచ్చిన డీజిలే. కళ్ళు మండుతాయి, వాసన తియ్యగా కాక ఘాటుగా ఉంటుంది. గ్లో ప్లగ్గులు, ఇంజెక్టర్లు చూపించుకోవాలి. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గకపోతే డీజిల్ వాళ్ళు ముందు ఆ దారి పట్టండి.

పొద్దున్నే, కారు కదలకముందే

రాత్రంతా నిలబడి ఉన్న ఇంజన్ చెప్పినన్ని నిజాలు వేడి ఇంజన్ చెప్పదు. గ్యారేజీకి కారు నడుపుకుంటూ వెళ్తే అక్కడ చేరేసరికే ఇంజన్ వేడెక్కి సగం ఆధారాలు చెరిగిపోతాయి. అందుకే ఈ భాగం మీరే చేయాలి.

మొదట రేడియేటర్ మూత తీయండి, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉంది కాబట్టి భయం లేదు. నీళ్ళు మెడ దాకా ఉండాలి. పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు చూసి సరిపెట్టుకోవద్దు. మూత రబ్బరు పోయినా, ట్యాంకు పైపు పగిలినా, ట్యాంకు నిండుగా ఉండి రేడియేటర్ ఎండిపోయి ఉంటుంది. నా కారులో మొదట్లో సరిగ్గా అదే జరిగింది. కొన్నాళ్ళు ట్యాంకు చూసి బాగుందనుకున్నాను. నీళ్ళు మెడ దాకా నింపి, ట్యాంకు మీద మార్కర్‌తో గీత పెట్టి, తేదీ, కిలోమీటర్లు ఫోన్‌లో రాసుకోండి. "ఈ మధ్య తగ్గుతోంది" అనే మాటకీ "200 కిలోమీటర్లకి అర లీటరు తగ్గింది" అనే మాటకీ మెకానిక్ దగ్గర చాలా తేడా ఉంటుంది.

తర్వాత ఆయిల్ గేజ్ లాగండి. ఆయిల్ తేనెరంగులోనో నల్లగానో ఉంటే సరే. పాలు ఎక్కువైన టీలా ఉంటే, లెవెల్ కూడా పైగీత దాటి పెరిగి ఉంటే, నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నాయి. ఇక ఆ ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. నీళ్ళు కలిసిన ఆయిల్ బేరింగ్‌లని కాపాడదు. టోయింగ్‌కి ఫోన్ చేయండి. అయితే ఆయిల్ పోసే మూత లోపల మాత్రమే కొంచెం మీగడలాంటి నురగ ఉండి, గేజ్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే కంగారు పడక్కర్లేదు. వానాకాలంలో, చలికాలంలో రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కార్లకి ఆ నురగ సహజం. లోపలి తేమ ఆవిరయ్యేంత వేడి ఇంజన్‌కి ఎప్పుడూ రాదు మరి. ఆ నురగ చూపించి హెడ్ దింపాలనే వాళ్ళున్నారు, జాగ్రత్త.

ఇప్పుడు స్టార్ట్ చేయబోతున్నారు. ఒక హెచ్చరిక. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ "టక్" మని ఒక్కసారి ఆగి, తిరగనని మొరాయిస్తే మళ్ళీ మళ్ళీ కొట్టకండి, బ్యాటరీకి కేబుల్ వేసి బలవంతం అసలే చేయకండి. రాత్రంతా కారిన కూలెంట్ సిలిండర్ నిండా చేరి ఉండొచ్చు. నీళ్ళని నొక్కి కుదించలేం, పిస్టన్ పైకి రాబోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి నీళ్ళు బయటికి పోనివ్వాలి.

బయట కారుతోందా? ముందు అదే చూడండి

పొగ భయపెడుతుంది కాబట్టి అందరి చూపూ హెడ్ ప్యాకింగ్ మీదికే పోతుంది. కానీ పాత కారులో ఒకేసారి రెండు లీకులుండటం మామూలే. చాలాసార్లు బయటి లీకే మొదటిది. దాని వల్ల నీళ్ళు తగ్గి, ఇంజన్ వేడెక్కి, ఆ వేడికి ప్యాకింగ్ పోతుంది. ప్యాకింగ్ మార్చి ఆ మొదటి లీకు వదిలేస్తే ఆరు నెలల్లో మళ్ళీ అదే గ్యారేజీ.

రాత్రి కారు కింద పెద్ద అట్ట పరవండి, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పితే సరిగ్గా సరిపోతుంది. పొద్దున్న మరక ఎక్కడుందో చూడండి. ఏసీ వేసి తిరిగాక ముందు సీటు కాళ్ళ దగ్గర కిందగా పడే తేటనీళ్ళు ఏసీవే, రంగూ వాసనా ఉండవు. పచ్చగానో ఎర్రగానో ఉండి వేళ్ళ మధ్య జారితే కూలెంట్. మీరు కూలెంట్ పోయకుండా ఉత్త బోరు నీళ్ళే పోస్తున్నట్టయితే ఈ తేడా తెలియదు. ముందు కొంచెం కూలెంట్ కలిపి రంగు తెప్పించండి.

ఒక మాట. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు, పిల్లులు నాకుతాయి. పిల్లలున్న ఇంట్లో తట్టలో వదిలేయొద్దు. మరకని ఎక్కువ నీళ్ళతో కడిగేయండి.

బానెట్ కింద వెతికేటప్పుడు తడి కోసం కాదు, ఎండిన జాడ కోసం చూడండి. వేడి ఇంజన్ మీద పడిన చుక్క క్షణంలో ఆవిరైపోతుంది. కానీ తెల్లటి, పచ్చటి ఉప్పు పొక్కులాంటి గీత మిగులుతుంది. నేను టార్చితో ఈ వరసలో వెళ్తాను: పై హోస్, కింది హోస్, రెండింటి క్లిప్పులు, రేడియేటర్‌లో అల్యూమినియం కోర్‌ని ప్లాస్టిక్ ట్యాంకుకి నొక్కి బిగించిన అంచు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మూత, డాష్‌బోర్డు వెనక్కి పోయే రెండు హీటర్ పైపులు. తర్వాత వాటర్ పంపు. దాని ఒంటికి కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే నీళ్ళు అందులోంచే కారాలని కావాలనే పెట్టింది. అక్కడ రంగు గీత కనబడితే పంపు మార్చాల్సిందే, ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసేస్తే సమస్య పోదు, బేరింగ్ పోతుంది.

వెల్ష్ ప్లగ్గులని చాలామంది మరిచిపోతారు. ఇంజన్ బ్లాక్ పక్కన నాణెం సైజు రేకు మూతలవి. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసిన కార్లలో లోపల్నుంచి తుప్పుపట్టి సూది బెజ్జం పడుతుంది. మన దగ్గర బోరు నీళ్ళలో ఉప్పు ఎంతో టీ గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది, రేడియేటర్ లోపలా అదే గార పడుతుంది.

కారు లోపల కూడా చూడండి. ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ జిగటగా తడిగా ఉంటే, హీటర్ వేయగానే ముందు అద్దం జిడ్డు ఆవిరితో మసకబారితే హీటర్ కోర్ (హీటర్‌కి వేడినిచ్చే, డాష్‌బోర్డు వెనకుండే చిన్న రేడియేటర్) కారుతోంది.

ఎల్పీజీ కిట్టు ఉంటే ఇంకో చోటుంది. గ్యాసుని ఆవిరి చేసే వేపరైజర్‌ని వేడి చేసేది ఇంజన్ కూలెంటే. దానికోసం హీటర్ పైపులని కోసి టీ జాయింట్లు వేస్తారు. మా బావమరిది కారుకి చలికాలం పొద్దున తెల్లగా వస్తోందని, నీళ్ళూ తగ్గుతున్నాయని హెడ్ దింపడానికి తేదీ కూడా ఖాయం చేసుకున్నాడు. వచ్చేది ఉత్త ఆవిరి, పది నిమిషాలకి ఆగిపోతోంది. కారేది వేపరైజర్ దగ్గర వదులైన ఒక క్లిప్పు. స్క్రూడ్రైవర్‌తో నాలుగు చుట్లు తిప్పితే అయిపోయింది.

క్లిప్పులకి ఒక గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కి రబ్బరు ఉబ్బాక ఆగిపోతాయి. రేడియేటర్ పగుళ్ళు దానికి తిరగబడి, ఒత్తిడి పెరిగాకే కారతాయి. అందుకే చూసి తేల్చలేకపోతే ప్రెజర్ టెస్టర్ ఉన్న గ్యారేజీకి వెళ్ళండి. అది రేడియేటర్ మెడకి బిగించే చేతిపంపు. మూత మీద రాసిన ఒత్తిడి దాకా, అంటే పాత చిన్న కార్లలో చాలావాటికి 0.9 బార్ దగ్గర, పంపు కొట్టి పావుగంట వదిలేస్తారు. ముల్లు దిగకపోతే లీకు లేదు. ముల్లు దిగి బయట చుక్క కనబడితే అదే చోటు. ముల్లు దిగుతూ బయట ఎక్కడా తడి లేకపోతే, లోపలికే పోతోంది.

ఇంత చెప్పి రేడియేటర్ మూత గురించి చెప్పకపోతే పాపం. అన్నిటికంటే చవకైన సామాను అదే, ఎవరూ మార్చరు. అందులో రెండు వాల్వులుంటాయి. ఒకటి వేడికి ఒత్తిడి ఎక్కువైతే నీళ్ళని ట్యాంకులోకి వదులుతుంది, రెండోది చల్లబడ్డాక ట్యాంకులోంచి వెనక్కి లాగుతుంది. మొదటిదాని స్ప్రింగు మెత్తబడితే నీళ్ళు ముందే మరిగి ట్యాంకు పొంగుతుంది. రెండోది అంటుకుపోతే పొద్దున పై హోస్ పైపు తాగేసిన జ్యూస్ ప్యాకెట్‌లా చప్పిడిగా నొక్కుకుపోయి కనబడుతుంది. రబ్బరు పగుళ్ళిచ్చి ఉంటే ఆలోచించకుండా కొత్తది, అదే అంకె ఉన్నది, వేయండి. ఎక్కువ అంకె ఉన్నది వేస్తే బలం అనుకుంటారు కొందరు. పాత పైపులు పగులుతాయి, అంతే.

లోపలికి పోతోందా?

బయట అంతా పొడిగా ఉంది, నీళ్ళు తగ్గుతున్నాయి, పొగ తియ్యగా ఉంది. ఇప్పుడు హెడ్ ప్యాకింగ్‌ని అనుమానించొచ్చు. నేను చేసిన వరస ఇది.

బుడగల పరీక్ష ముందు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, నీళ్ళు మెడ దాకా నింపి, మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. మొదట రెండు మూడు బుడగలు వస్తాయి, లోపల చిక్కుకున్న గాలి అది. కానీ కుక్కర్లో పప్పు ఉడికినట్టు ఆగకుండా బుడబుడలాడుతూ, యాక్సిలరేటర్ ఇస్తే ఎక్కువవుతుంటే, సిలిండర్‌లో మండిన గ్యాసు నీళ్ళలోకి వస్తోంది. నీళ్ళు మెడలోంచి పైకి చిమ్మితే వెంటనే ఆపేయండి. ఏ బుడగా లేకపోయినా ఈ పరీక్షకి రెండు మూడు నిమిషాలు చాలు.

మర్నాడు పొద్దున్న, చల్లగానే, మూత బిగించి స్టార్ట్ చేసి పై హోస్ పట్టుకోండి. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి, కాబట్టి పైపు మెత్తగా ఉండాలి. ఒక నిమిషంలోనే గాలి కొట్టిన సైకిలు టైరులా గట్టిపడితే, ఆ ఒత్తిడి వేడిది కాదు, సిలిండర్‌ది.

ఇక ప్లగ్గులు. ముందు ప్లగ్ వైర్లకి టేపు చుట్టి 1, 2, 3 అని రాయండి, లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు తారుమారై కొత్త జబ్బు తెచ్చుకుంటారు. అన్నీ తీసి తెల్ల కాగితం మీద వరసగా పెట్టండి. నా కారుది మూడు సిలిండర్ల ఇంజన్. ఒకటో ప్లగ్గు, మూడో ప్లగ్గు కొనలు పాత ఇటుక రంగులో ఉన్నాయి. రెండోది మాత్రం కొత్తగా కొట్లోంచి తెచ్చినట్టు తళతళలాడుతోంది. ఆ సిలిండర్‌లోకి పోతున్న నీళ్ళు ఆవిరై దాన్ని రోజూ కడుగుతున్నాయి. మూడు వారాలుగా, రేడియేటర్ మార్చినప్పుడు కూడా, ఆ ప్లగ్గు అలాగే మెరుస్తూ ఉండి ఉంటుంది.

పొద్దున స్టార్ట్ చేయగానే ఒక నిమిషం ఇంజన్ వణుకుతూ మిస్సింగ్ కొట్టి, తర్వాత సర్దుకునేది. దానికీ ఇదే కారణం. ఇంజన్ ఆపాక కూడా రేడియేటర్‌లో ఒత్తిడి గంటసేపు ఉంటుంది, ఆ ఒత్తిడి కొంచెం కూలెంట్‌ని సిలిండర్‌లోకి నెడుతుంది. అది రాత్రంతా అక్కడే ఉండి పొద్దున్నే పొగై పోతుంది. "ప్లగ్గులు కొత్తవి వేస్తే మిస్సింగ్ పోద్ది సార్" అన్నారు, వేయించాను, పోలేదు.

దీని తర్వాతివి గ్యారేజీలో చేయించుకునేవి. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి, చూడమనండి. మంచి పెట్రోలు ఇంజన్‌లో సిలిండర్‌కి 150 నుంచి 190 పీఎస్ఐ దాకా రావడం మామూలు, అసలు అంకె మీ కారు మాన్యువల్‌లోదే. అంకె కంటే తేడా ముఖ్యం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య ప్యాకింగ్ తెగింది. ఒక్కటే తక్కువైతే ప్యాకింగ్ కావచ్చు, వాల్వు కావచ్చు. చిక్కేమిటంటే సన్నటి లీకుకి కంప్రెషన్ బాగానే వస్తుంది. నాకూ బాగానే వచ్చింది. అందుకని అంకెలు బాగున్నాయనగానే ప్యాకింగ్‌ని వదిలేయొద్దు. బ్లాక్ టెస్టర్ దొరికితే అది చేయించండి. రేడియేటర్ మెడ మీద ఒక గొట్టం పెట్టి, పైకొచ్చే గాలిని నీలం ద్రవంలోంచి పోనిస్తారు. మండిన గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే ద్రవం పసుపుకి మారుతుంది.

నా కారుకి ఖాయం చేసింది ఇంకో మొరటు పద్ధతి. రాత్రి ప్రెజర్ టెస్టర్‌తో ఒత్తిడి పెట్టి, ప్లగ్గులు తీసేసి వదిలేశారు. పొద్దున పెట్రోలు పంపు ఫ్యూజు, కాయిల్ వైరు పీకి, అందరినీ పక్కకు జరగమని సెల్ఫ్ కొట్టారు. రెండో రంధ్రంలోంచి పచ్చటి తుంపర బానెట్ దాకా లేచింది. మెకానిక్ భాయ్ గుడ్డతో బానెట్ తుడుస్తూ, "ఇగ డౌట్ లేదు సార్" అన్నాడు.

హెడ్ దింపే ముందు మిగిలిన అనుమానాలు

కొన్ని ఇంజన్లలో కూలెంట్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ గుండా, త్రాటిల్ బాడీ గుండా (ఇంజన్‌లోకి గాలి పోయే భాగాలివి) పోతుంది. అక్కడి ప్యాకింగ్ పోయినా అదే పొగ, అదే తియ్యటి వాసన. అది విప్పడం హెడ్ దింపడంలో నాలుగో వంతు పని. మీ ఇంజన్‌లో అలా ఉందా అని అడగండి.

కూలెంట్ ఒక్క చుక్క తగ్గకుండా గుబురుగా తెల్లపొగ వస్తోందా? బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. బ్రేక్ మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే బ్రేక్ ఆయిల్ దాని వెనకున్న బూస్టర్‌లోకి (పెడల్ తొక్కే బలాన్ని పెంచే డబ్బా) కారుతుంది. బూస్టర్‌కి ఇంజన్‌లోంచి వచ్చే గాలిపైపు దాన్ని పీల్చి కాల్చేస్తుంది. పెడల్ మెత్తబడిందంటే కారు అక్కడే ఆపేయండి, ఇది ఇంజన్ జబ్బు కంటే తొందరది.

హెడ్ దింపుతున్నారంటే

దగ్గరుండండి. ప్యాకింగ్ మార్చి బిగించేయడం సగం పనే. హెడ్‌ని లేత్ వర్క్స్‌కి పంపి, స్కేలు పెట్టి వంకర చూడాలి, పగుళ్ళకి ప్రెజర్ పెట్టి చూడాలి. చిన్న అల్యూమినియం హెడ్‌లకి హద్దు సాధారణంగా 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, తల వెంట్రుక మందం కంటే తక్కువ. కంటికి కనపడదు కాబట్టి "చూశాను, బాగుంది సార్" అనే మాట చెల్లదు. వంకర ఉంటే ఫేసింగ్ చేయిస్తారు, అంటే చెక్కి చదును చేయిస్తారు.

బోల్టులు బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నారో చూపించే స్పానర్) వాడుతున్నారో లేదో చూడండి. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించాలి. చేతి అంచనాతో బిగించినవి మళ్ళీ తిరిగొస్తాయి. టైమింగ్ బెల్ట్ ఎలాగూ విప్పుతారు, పాతదైతే మార్చేయండి. వాటర్ పంపు, థర్మోస్టాట్ కూడా. కూలీ ఒకటే.

పసుపు సంగతి చాలామంది అడుగుతారు. రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందని పాత డ్రైవర్లు చెప్పేది అబద్ధం కాదు, సూది బెజ్జాన్ని కాసేపు పూడుస్తుంది. డబ్బాల్లో అమ్మే లీక్ స్టాప్ ద్రవాలూ అదే జాతి. నల్లమల ఘాట్‌లో ఇరుక్కుంటే వేయండి, ఊరు చేరండి. ప్యాకింగ్‌కి వైద్యం అనుకుని వేస్తే మాత్రం హీటర్ కోరూ రేడియేటరూ కూడా పూడుకుపోతాయి, మీ బిల్లులో ఇంకో రెండు వరసలు చేరతాయి.

నీళ్ళు నింపడం

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లే కొనండి. కలిపి అమ్మేది కొంటే మళ్ళీ నీళ్ళు కలపొద్దు. పచ్చదానిలో ఎర్రది కలపొద్దు, రంగు ఒక్కటే గ్యారంటీ కాదు కాబట్టి ఏ రకమో మాన్యువల్ చూసి, పాతదంతా తీసేసి పోయండి.

గాలి తీయకపోతే చేసిన పని వృథా. కారు ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండేలా ర్యాంపు మీద నిలిపి, హీటర్ ఫుల్ వేడికి తిప్పి, మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలొచ్చే కొద్దీ నీళ్ళు దిగుతాయి, పోస్తూ ఉండండి. 82 నుంచి 88 డిగ్రీల మధ్య థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, అప్పుడు లెవెల్ ఒక్కసారి జారుతుంది, కింది హోస్ వేడెక్కుతుంది. ఆ నీళ్ళు కూడా నింపి మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచి ఇంజన్ ఆపండి. రాత్రి చల్లారాక పొద్దున్నే మళ్ళీ చూస్తే ఇంకో గ్లాసు పడుతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి ఆయిల్ గేజ్ రంగు చూసుకోండి. పాత ఆయిల్‌లో నీళ్ళు కలిసి ఉంటే ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా బయటికి తీయనే వద్దు.

ట్యాంకు మీద కొత్త గీత పెట్టి వారం రోజులు పొద్దున్నే చూడండి. మా కారు ట్యాంకు మీద ఇప్పుడు అయిదు గీతలున్నాయి. పై నాలుగూ తేదీలతో సహా మెట్లలా దిగుతూ వచ్చాయి, అవి రేడియేటర్ మార్పించిన రోజులవి. అయిదోది హెడ్ బిగించిన రోజుది. నీళ్ళు దాని దగ్గరే ఉన్నాయి.